వదిన సర్టిఫికెట్, మరదలి మార్కులు

జగ్గయ్యపేట,
జూలై మొదట్లో.

అమూల్యకి మీ వదిన ప్రసూనాంబ దీవెనలు. ఇవైనా ఓటీపీ అడగకుండా అందుతాయి.

ఉత్తరం చూసి ఇదేం చోద్యం అనుకోకు. నందిగామ ఎంత దూరమని, ఫోన్ చేస్తే పోయేదానికి కాగితం దండగ ఎందుకని మా తమ్ముడు ప్రద్యుమ్న నవ్వుతాడు. నవ్వనీ, వాడికి చిన్నప్పటి నుంచీ అదే పని. నా ఫోన్లో స్కూలు గ్రూపు, మండలం గ్రూపు, తెలుగు టీచర్ల గ్రూపు, వాటికి తోడు అర్జెంటు గ్రూపని ఇంకోటి. వాటి మధ్య నీకు పెట్టిన మెసేజ్ ఏ గంగలో కలుస్తుందో నాకే తెలియదు. నీకు ఫోన్ చేస్తే ఎప్పుడూ వేరే కాల్‌లో ఉంటావు. మా హైస్కూలుకి కొత్తగా వచ్చిన ఇంగ్లీషు టీచర్ కృపాజ్యోతి మీ వీధిలోనే ఉంటుందట. రోజూ నందిగామ నుంచి బస్సులో వచ్చి పోతుంది. ఆవిడ సంచిలో పడేస్తే సాయంత్రం నీ చేతిలో ఉంటుంది.

సంగతేమిటంటే, మా తొమ్మిదో తరగతి గదిలో వేలితో తాకితే పలికే పెద్ద టీవీ లాంటి ప్యానెల్ బిగించారు. మీ స్కూల్లో ఉన్నదానికి పెద్దన్న. మొదటిరోజు దాని ముందు నిలబడితే పరిటాలలో ఆకాశమంత ఆంజనేయస్వామి విగ్రహం ముందు నిలబడ్డట్టే ఉంది. నా నల్లబల్లని ఊడదీసి కిటికీ పక్క గోడకి కొట్టారు. సరే, కాలంతో పాటు మనమూ నడవాలి కదా అని నిన్న దాని మీద పద్యం రాయబోయాను. రెండో పాదంలో ఉండగా పద్యం మాయమైపోయి, ఎవరో ఒకాయన కుక్కర్లో పులిహోర చేస్తూ ప్రత్యక్షమయ్యాడు. ఎలా ఆపాలో తెలియలేదు. ఆయన తాలింపు వేసేదాకా పిల్లలు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళ సర్వీసులో తరగతి నా చెయ్యి దాటిపోవడం ఎన్నడూ లేదు.

మా హెడ్మాస్టరు గారు మంచివారే. "మేడం, రోజూ ఎంతసేపు వాడామో పైవాళ్ళకి తెలిసిపోద్దండి, కనీసం ఆన్ చేసి ఉంచండి" అన్నారు. అందుకని ఇవాళ దాన్ని వెలిగించి, కిటికీ దగ్గర సుద్దముక్కతో పాఠం చెప్పుకున్నాను. దీపారాధన అయిపోయింది, పాఠమూ అయిపోయింది.

టీచర్లందరూ చేసి తీరాలన్న ఆన్‌లైన్ కోర్సులు నీ పుణ్యాన గట్టెక్కుతున్నాయి. ప్యానెల్ మీదే ఇంకో కోర్సు వచ్చింది. నా పాస్‌వర్డు నీ దగ్గర ఉంది కదా, ఓటీపీ రాగానే చెబుతాను. ఆ పులిహోర ఆయన మళ్ళీ రాకుండా ఉండే ఉపాయం మాత్రం రాసి పంపు. కొన్నాళ్ళకి రిటైరయ్యేదాన్ని, నవ్వులపాలై వెళ్ళాలని లేదు.

మీ వదిన


నందిగామ,
జూలై.

వదినగారికి నమస్కారాలు.

పులిహోర మీ గాజుల వల్ల వచ్చింది. అది వేలికే కాదు, గాజుకీ, కొంగుకీ, మణికట్టుకీ దేనికైనా పలుకుతుంది. కుడిచేతి గాజులు మోచేతి దాకా ఎగదోసుకోండి, కొంగు దోపుకోండి. ఎదురుగా కాకుండా పక్కకి నిలబడి రాయండి, పిల్లలూ కనబడతారు.

నెట్ మీద ఆధారపడకండి. రేపు చెప్పబోయే పాఠం ఇవాళ సాయంత్రమే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. వీడియో మొదటి నుంచి చివరిదాకా వదిలేస్తే పిల్లలు సినిమాకొచ్చినట్టు కూర్చుంటారు. ఒక్క నిమిషం నడిపి ఆపి, తర్వాత ఏమవుతుందో వాళ్ళనే అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, కింద అంచున తెరని నల్లగా చేసే బటన్ ఒకటి ఉంటుంది. మీరు మాట్లాడాలనుకున్నప్పుడు అది నొక్కండి. బొమ్మ వెలుగుతూ ఉంటే మన మొహం ఎవరూ చూడరు.

మీ కోర్సు అయిపోయింది. నూటికి తొంభై ఆరు వచ్చాయి. మా హెడ్మాస్టరు నవీన్‌బాబు గారిది, ప్రమీలారాణి మేడంది, ఇంకో ఇద్దరిదీ కూడా అదే ఊపులో చేసేశాను. ప్రశ్నలు తెలిసినవే కదా, అయిదోసారికి చూడకుండానే పెట్టేయొచ్చు.

ఇంకా రాయాలని ఉంది కానీ మధ్యాహ్న భోజనం ఫొటో పన్నెండున్నర లోపు ఎక్కాలి.

అమూల్య


జగ్గయ్యపేట,
ఆగస్టు.

అమూల్యమ్మా, నువ్వు చల్లగా ఉండాలి, నన్ను మాత్రం నిలువునా ముంచావు.

ముందు మంచి మాట చెబుతాను. గాజులు ఎగదోశాక ఆ వంటాయన మళ్ళీ రాలేదు. నల్లతెర బటన్ ఎంత గొప్పదమ్మా! నిన్న పద్యం చదివించి, బొమ్మ చూపించి, టక్కున ఆర్పేశాను. తొమ్మిదో తరగతి మొత్తం నా మొహం చూసింది. అప్పుడు అర్థం చెప్పాను. వెనక బెంచీలో కూర్చునేవాడు కూడా తల ఎత్తాడు. నల్లబల్ల ఉన్నప్పుడు నాకీ సదుపాయం లేదు, ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవాలి.

ఇక చెడ్డ మాట. మా మండలంలో ఆ కోర్సులో నాకే అందరికన్నా ఎక్కువ మార్కులట. చివర్లో "తోటి ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడానికి సుముఖం" అని ఒక గడి ఉందట, అందులో నేను టిక్ కూడా పెట్టానట! దసరా సెలవులకి ముందు టీచర్లందరికీ ప్యానెల్ శిక్షణ పెడుతున్నారు. రిసోర్స్ పర్సన్ ఎవరనుకున్నావు? శ్రీమతి ప్రసూనాంబ, తెలుగు. హెడ్మాస్టరు గారు అసెంబ్లీలో మైకు పట్టుకుని ప్రకటించారు, పిల్లలు చప్పట్లు కొట్టారు. కొరివితో తల గోక్కున్నట్టయింది నా పని. ఆ కొరివి పట్టుకున్న చెయ్యి నీదే, తల మాత్రం నాది.

మోకాళ్ళ నొప్పులని సెలవు పెడదామనుకుంటున్నాను. "నొప్పి నిజమే కదా, అబద్ధం కూడా కాదు" అని మీ అన్నయ్య ఊతమిస్తున్నారు. నువ్వేమంటావు?

ఇంకొక్క మాట. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నవీన్‌బాబు గారి కోర్సు ఉంది, ప్రమీలారాణి కోర్సు ఉంది, అన్నం ఫొటో ఉంది. నీ మూడో తరగతి పిల్లల ఊసు ఒక్క ముక్క లేదు. ఇదివరకు నోరు తెరిస్తే వాళ్ళ కబుర్లే చెప్పేదానివి. ఎలా ఉన్నారు?

మీ వదిన


నందిగామ,
ఆగస్టు ఆఖరు.

వదినా,

టిక్ పెట్టింది నేనే. ఏమీ చదవలేదు. అన్ని గళ్ళూ నింపితే గానీ తర్వాతి పేజీ తెరుచుకోదు, అందుకని వరసగా నొక్కుకుంటూ పోయాను. క్షమించండి. సెలవు పెట్టేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

పిల్లల సంగతి అడిగారు. మీ ప్రశ్న చూశాక మూడు రోజులు ఉత్తరం పక్కన పడేశాను.

నా పిల్లలకి చదవడం రాదు వదినా. మూడో తరగతి పుస్తకంలో ఒక్క పేరా చదవమంటే నలుగురైదుగురు చదువుతారు, వాళ్ళు కూడా ఇంట్లో ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెబుతున్నవాళ్ళు. మిగతావాళ్ళు బొమ్మ చూసి కథ అల్లుతారు. తెలివైన పిల్లలే. చెప్పేవాళ్ళు లేరు.

బడికి వెళ్ళగానే ఫోన్‌కి మొహం చూపించి వేసే టీచర్ల హాజరు, తర్వాత పిల్లల హాజరు. ఎవరి మొహం పడకపోయినా నన్నే పిలుస్తారు. మరుగుదొడ్ల ఫొటో, గుడ్ల ఫొటో, చెట్టు నాటితే చెట్టు ఫొటో. మధ్యలో సర్వర్ ఆగిపోతే ఫోన్ తెర మీద తిరిగే చక్రాన్ని చూస్తూ వరండాలో నిలబడతాను. లోపల నా తరగతి అరుస్తూ ఉంటుంది. "అమూల్య మేడం ఉంటే మనకి భయం లేదండి" అని నవీన్‌బాబు గారు వచ్చిన ప్రతివాళ్ళతోనూ అంటారు. మొదట్లో ఆ మాట వింటే పొంగిపోయేదాన్ని. ఇప్పుడు వింటుంటే ఒళ్ళు బరువెక్కుతోంది. ఇంటికొచ్చాక ఇంకొకరి కోర్సు, ఇంకొకరి ఓటీపీ. మీ తమ్ముడు అన్నం పెట్టి పిలుస్తారు, అది చల్లారిపోతుంది.

మీ కోర్సులు చేయలేనని చెబితే మీరేమీ అనుకోరని తెలుసు. అయినా చెప్పలేకపోయాను. వదినకి చేయనని ఏ మరదలు అంటుంది?

ఇంకో సంగతి, ఇది మీ తమ్ముడికి కూడా ఇంకా చెప్పలేదు. మండల విద్యాశాఖ ఆఫీసులో డేటా పనికి డెప్యుటేషన్ మీద వస్తావా అని అడిగారు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చోవడమే, పాఠం చెప్పే పని ఉండదు. వస్తానని చెప్పబోతున్నాను. బడిలో ఉండి ఎలాగూ చెప్పడం లేదు. పిల్లలే లేని చోట ఉంటే కనీసం వాళ్ళ మొహాలు చూడక్కర్లేదు.

అమూల్య


జగ్గయ్యపేట,
సెప్టెంబరు.

అమూల్యా,

చిన్న ఉత్తరమే. నీ ఉత్తరం చదివాక నాకు అన్నం సహించలేదు. నేను చేసిన పని చిన్నదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఓటీపీ చెప్పడానికి నాకు పట్టేది అర నిమిషం. నీకు పట్టే సాయంత్రం సంగతి ఒక్కసారీ ఆలోచించలేదు.

నా పాస్‌వర్డు మార్చేశాను. కృపాజ్యోతి పక్కన కూర్చుని నేర్పింది. కోపంతో కాదమ్మా. ఇక నువ్వు నా ఖాతా తెరవలేవు, అందుకు.

సెలవు పెట్టడం లేదు. శిక్షణకి వెళుతున్నాను.

వదిన


జగ్గయ్యపేట,
దసరా సెలవుల ముందు.

అమూల్యా,

నీ దగ్గర నుంచి జవాబు లేదు. కృపాజ్యోతిని అడిగితే "కనబడ్డారండి, ఫోన్ మాట్లాడుతున్నారు, చెయ్యి ఊపారు" అంది. సరే, నీకు తీరినప్పుడు చదువుకో.

శిక్షణ అయిపోయింది. హాలు నిండా టీచర్లు, ఎదురుగా ప్యానెల్, పక్కన నేను. గాజులు ఎగదోసుకున్నాను. ముందు వరసలో మా పాత విద్యార్థి ఒకడు మాస్టారై కూర్చున్నాడు, వాడిని చూసి సిగ్గేసింది. మైకు పట్టుకుని మొదటి మాట అదే చెప్పేశాను. "నాకు తొంభై ఆరు వచ్చాయన్నారు కదండీ, ఆ మార్కులు నావి కావు. నందిగామలో మా మరదలివి."

హాలంతా గొల్లుమంది. వెనకనుంచి ఎవరో "మావి మా అబ్బాయివండీ మేడం" అన్నారు. ఇంకొకరు "మావి మా స్కూల్లో చిన్న టీచరమ్మాయివి" అన్నారు. అందరూ నవ్వుతున్నారు. అందరిదీ అదే బండి, ఎక్కినవాళ్ళమే గానీ తోలేవాళ్ళం కాదు.

నాకు తెలిసింది చెప్పాను. గాజుల సంగతీ, ముందురోజే పాఠం ఎక్కించుకోవడమూ, నల్లతెర బటనూ. మగవాళ్ళకి గాజులు లేకపోయినా వాచీ ఉంటుంది, పొడుగుచేతుల చొక్కా ఉంటుంది, అదీ పలుకుతుందని చూపించాను. తప్పు నొక్కినప్పుడు కంగారుపడి ఇంకో నాలుగు నొక్కొద్దని, చేతులు వెనక్కి తీసుకుని నిలబడమని చెప్పాను. అది మాత్రం నా సొంత అనుభవం, నీది కాదు.

తర్వాత అడిగాను. "మీ స్కూల్లో అందరి కోర్సులూ, అందరి ఫొటోలూ ఎవరు చూస్తారో వాళ్ళు చేతులెత్తండి."

స్కూలుకి ఒకరు చొప్పున ఎత్తారు. దాదాపు అందరూ నీ వయసు ఆడపిల్లలే. అమూల్యా, చెయ్యి ఎత్తినప్పుడు కూడా రెండో చేతిలో ఫోన్ వెలుగుతూనే ఉంది. శిక్షణలో కూర్చుని కూడా వాళ్ళ స్కూలు పనులు వాళ్ళే చేస్తున్నారు. ఒకమ్మాయి మొహం అచ్చం నీ మొహంలా ఉంది. కళ్ళ కింద నలుపు.

"వీళ్ళ తరగతులు ఎవరు చెబుతున్నారండీ?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. సతీష్‌బాబు అనే సోషల్ మాస్టారు లేచారు. "మరి మాకు చేతకాదు గదండీ" అన్నారు. పాపం, ఆయన మాటలో పొగరు లేదు, భయం ఉంది. ఆ భయం నాకు తెలుసు. "నాకూ చేతకాదండి. మధ్యాహ్నం ఉండండి, ఎవరి ఖాతా వాళ్ళే తెరుద్దాం, కలిసి తప్పులు చేద్దాం" అన్నాను.

భోజనాల తర్వాత సగం మంది బస్సుందని వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళలో సగం మందికి పాస్‌వర్డులు గుర్తులేవు. సతీష్‌బాబు గారు ఉన్నారు. సాయంత్రానికి ఆయన ఒక్క ఫొటో ఎక్కించారు, అది తలకిందులుగా ఎక్కింది. అంతకన్నా ఏమీ జరగలేదు. నేనేదో లోకాన్ని మార్చి వచ్చానని అనుకోకు.

వచ్చిన ఆఫీసరు గారు వెళ్ళేటప్పుడు "అవన్నీ స్టేజీ మీద అనాల్నా మేడం" అన్నారు. మర్నాటికి నా సర్టిఫికెట్ రద్దయింది, కోర్సు మళ్ళీ చేయమన్నారు. చేశాను. ఆదివారం పొద్దున కూర్చుంటే మధ్యాహ్నమైంది, మీ అన్నయ్య తనే చారు పెట్టుకున్నారు. నూటికి యాభై రెండు వచ్చాయి. డెబ్భై రావాలట. నా బతుకులో మొదటిసారి పరీక్ష తప్పాను. అయినా ఆ యాభై రెండూ నావి. వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చుంటాను.

నీ డెప్యుటేషన్ సంగతి. వెళ్ళొద్దని అనడానికి నాకు మొహం లేదు. నిన్ను నీ తరగతిలోంచి ఎత్తుకుపోయినవాళ్ళలో నేనూ ఉన్నాను. అలిసిపోయావు, వెళితే వెళ్ళు, ఎవరేమన్నా నేను నీ వైపే. ఒక్కటి అడుగుతాను. వెళ్ళేముందు ఒకరోజు ఆ ఫోన్ ఎవరి చేతిలోనైనా పెట్టి, నీ పిల్లలకి ఒక్క పాఠం చెప్పి వెళ్ళు. చెప్పకుండా వెళ్ళిపోతే వాళ్ళ సంగతేమో గానీ నీకు మనసులో ఉండిపోతుంది.

వదిన


నందిగామ,
అక్టోబరు.

వదినా,

జవాబు రాయనందుకు ఏమీ అనుకోకండి. రాయడానికి కూడా ఓపిక లేని రోజులవి. మీరు పాస్‌వర్డు మార్చారన్న ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. నన్ను ఒక పని మానమన్నవాళ్ళు ఈ రెండేళ్ళలో మీరొక్కరే.

సెలవులయ్యాక ఆర్డరు వచ్చింది. మీ తమ్ముడికి చెప్పాను. "నీకు హాయిగా ఉంటుందనుకుంటే వెళ్ళు" అన్నారు. సోమవారం చేరాలి. శుక్రవారం మా బడిలో ఆఖరిరోజు. పొద్దున్నే పాస్‌వర్డులన్నీ నవీన్‌బాబు గారికి అప్పగించాను, ఫోన్ కూడా సాయంత్రం దాకా ఆయన దగ్గరే ఉంచి ఏది ఎక్కడుందో చూసుకోమన్నాను. ఆయన మొహం మాడిపోయింది. నేను మీరు అడిగిన పాఠం చెప్పడానికి మూడో తరగతిలోకి వెళ్ళాను.

నేను డెప్యుటేషన్‌కి వెళ్ళలేదు వదినా. ఆర్డరు తిరిగి ఇచ్చేశాను. నేను ఉంటున్నందుకు నవీన్‌బాబు గారు సంతోషించారు, పాస్‌వర్డులు తిరిగి తీసుకోనన్నందుకు మాట్లాడటం మానేశారు. ప్రమీలారాణి మేడం అందరికీ వినబడేలా "ఈ కాలం పిల్లలకి సాయం చేసే గుణం లేదు" అంటున్నారు. ఆ శుక్రవారం గుడ్ల ఫొటో ఎక్కలేదు. మెమో వస్తే నా పేరు మీదే వస్తుందట. రానీ. నా హాజరు, నా తరగతి ఫొటో, నా కోర్సు నేను చేసుకుంటాను, మిగతావి నావి కావని చెప్పేశాను. అలసట తగ్గిందని రాస్తే అబద్ధం. పత్తి తీతలు మొదలయ్యాయి, ఇక సగం మంది పిల్లలు బడికి రారు కూడా.

ఎందుకు ఆగిపోయానో మీకు చెప్పాలి. ఇంకెవరికీ చెప్పలేదు.

తరగతిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను. గోల ఆగింది. "పుస్తకాలు తెరవండమ్మా" అన్నాను. అందరూ తెరిచారు. తెరిచి, అట్టలు నాకు కనబడేలా గుండెల మీద నిలబెట్టి పట్టుకుని, తలలెత్తి నవ్వుతూ కదలకుండా కూర్చున్నారు. నాకు అర్థం కాలేదు. "చదవండి" అన్నాను. పుస్తకాలు ఇంకొంచెం పైకెత్తారు. ముందు వరసలో జాయిస్ అని ఒక పిల్ల ఉంది. పక్కపిల్ల చొక్కా గుండీ సర్ది, తన జడ ముందుకేసుకుని, "టీచర్, అందరం రెడీ" అంది.

చదివే పీరియడ్ జరిగినట్టు రోజూ ఒక ఫొటో పంపాలి వదినా. నేను వచ్చేదాన్ని, పుస్తకాలు తెరవమనేదాన్ని, ఫొటో తీసుకుని వెళ్ళిపోయేదాన్ని. వాళ్ళు చదవడమంటే అదే అనుకుంటున్నారు. జూన్ నుంచి నేను వాళ్ళకి నేర్పిన పాఠం అదొక్కటే, ఒక్కళ్ళూ తప్పు పోకుండా అందరూ నేర్చుకున్నారు.

నా చేతిలో ఫోన్ లేదని చూపించాను. అయినా ఎవరూ పుస్తకం దించలేదు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, పక్కన కూర్చుని, పుస్తకాన్ని వాళ్ళ మొహం వైపు తిప్పి పెట్టాను. మధ్యాహ్నం గంట కొట్టేదాకా ఆ పనే సరిపోయింది.

మీ అమూల్య